పాత డీజిల్ కారుకు టర్బో ఇంజిన్: మార్చాలా, వద్దా? ఇంజిన్ దించే ముందు చూడాల్సిన లెక్కలు

పదిహేను, ఇరవై ఏళ్లు నడిచిన డీజిల్ కారు ఘాట్ రోడ్డులో రెండో గేరు దాటి ముందుకు సాగనప్పుడు, ఏసీ వేసి నలుగురు కూర్చుంటే లారీని కూడా దాటలేనప్పుడు యజమానికి సాధారణంగా వినిపించే సలహా ఒకటుంది: ‘ఈ ఇంజిన్ తీసేసి టర్బో ఇంజిన్ వేయించండి.’ అంబాసిడర్, సుమో, పాత జీపు, తొలితరం ఇండికా, విదేశీ సెడాన్లు ఉన్న చాలామంది ఈ మాట విన్నవారే. సలహా తేలికగానే వినిపిస్తుంది. కానీ ఇంజిన్ మార్పు అంటే ఒక యంత్రాన్ని తీసి మరో యంత్రాన్ని బిగించడం మాత్రమే కాదు. గేర్‌బాక్సు, రేడియేటర్, బ్రేకులు, రిజిస్ట్రేషన్ పత్రం, బీమా పాలసీ అన్నీ ఆ మార్పుతో ముడిపడి ఉంటాయి. ఆ ముడులు ఏమిటో, వాటిని ఏ వరుసలో పరిశీలించాలో ఈ కథనం వివరిస్తుంది.

టర్బో అసలు ఏం చేస్తుంది?

ఇంజిన్ శక్తి అందులో మండే ఇంధనాన్ని బట్టి, ఆ ఇంధనం మండటానికి దొరికే గాలిని బట్టి ఉంటుంది. టర్బో లేని ఇంజిన్ పిస్టన్ కిందికి దిగినప్పుడు ఏర్పడే ఖాళీలోకి వాతావరణ పీడనం నెట్టినంత గాలినే తీసుకోగలదు. రెండు లీటర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి 4,000 సార్లు తిరిగితే, సిద్ధాంతరీత్యా నిమిషానికి దాదాపు 4,000 లీటర్ల గాలి లోపలికి వెళ్తుంది. అంతకు మించి వెళ్లదు.

టర్బోచార్జర్ సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి వాయువులతో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివర ఉన్న మరో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపుతుంది. స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బుకి 1905లోనే ఈ పద్ధతికి పేటెంటు పొందారు. ఒత్తిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలుచబడుతుంది. అందుకే తర్వాతి కాలపు ఇంజిన్లలో ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ చేరింది.

డీజిల్ ఇంజిన్ విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పెట్రోలు ఇంజిన్‌లో యాక్సిలరేటర్ తొక్కితే గాలి దారి తెరుచుకుంటుంది. డీజిల్‌లో యాక్సిలరేటర్ నియంత్రించేది ఇంధనాన్ని. కనుక గాలిని పెంచి డీజిల్‌ను పెంచకపోతే పొగ తగ్గుతుంది గాని శక్తి చెప్పుకోదగ్గంతగా పెరగదు. శక్తి కావాలంటే డీజిల్ పంపు కూడా మారాలి, లేదా టర్బో పీడనాన్ని బట్టి ఇంధనాన్ని పెంచే అమరిక దానికి చేరాలి. ఎక్కువ ఇంధనం మండితే ఎక్కువ వేడి పుడుతుంది. ఆ వేడిని తట్టుకునే శక్తి పిస్టన్లకు, వాల్వులకు, హెడ్ గాస్కెట్‌కు ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఎత్తయిన ప్రాంతాల్లో టర్బో ప్రయోజనం స్పష్టంగా తెలుస్తుంది. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు టర్బో లేని ఇంజిన్ సుమారు పదో వంతు శక్తిని కోల్పోతుంది. దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో పాత డీజిల్ కారు మూలగడానికి, పొగ కక్కడానికి కారణం ఇదే. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో ఈ నష్టం అంత పెద్దది కాదు. అక్కడ కారును ఇబ్బంది పెట్టేది గాలి పలుచన కంటే దారి వాలు.

ఒకే కుటుంబం, రెండు ఇంజిన్లు

టర్బో ఇంజిన్ అంటే పాత ఇంజిన్‌కు టర్బో తగిలించినది మాత్రమే కాదని మెర్సిడెస్ బెంజ్ చరిత్ర తేటతెల్లం చేస్తుంది. ఆ సంస్థ ఓఎం 617 అనే ఐదు సిలిండర్ల మూడు లీటర్ల డీజిల్ ఇంజిన్‌ను 1974లో కారులో పెట్టినప్పుడు దాని శక్తి 80 అశ్వశక్తి. 1978లో అమెరికా విపణి కోసం ఇదే ఇంజిన్‌కు టర్బో చేర్చి 300 ఎస్‌డీ కారును విడుదల చేసింది. భారీగా తయారై అమ్ముడైన ప్రయాణికుల కార్లలో తొలి టర్బో డీజిల్ అదే. తర్వాతి రూపాల్లో ఆ ఇంజిన్ శక్తి 125 అశ్వశక్తి వరకు చేరింది.

ఇక్కడ గమనించాల్సింది శక్తి అంకెలను కాదు. టర్బో రూపంలో పిస్టన్ల అడుగు భాగాన నూనె చిమ్మి చల్లబరిచే జెట్‌లు వచ్చాయి. ఎగ్జాస్ట్ వాల్వులలో వేడిని త్వరగా లాగేసే సోడియం నింపారు. క్రాంక్‌షాఫ్ట్‌ను గట్టిపరిచారు. ఆయిల్ పంపు సామర్థ్యం పెంచారు. బయటికి రెండు ఇంజిన్లూ అన్నదమ్ముల్లా కనిపించినా లోపల వేరు. టర్బో లేని ఇంజిన్‌కు బయటి నుంచి టర్బో తగిలిస్తే ఈ ఏర్పాట్లేవీ రావు.

మరో మార్పు వెనుక ఇరుసులో ఉంది. నాలుగు సిలిండర్ల 240 డీ కారులో వెనుక హౌసింగ్‌లోని క్రౌన్ నిష్పత్తి 3.69. 1980ల తొలినాళ్ల టర్బో 300 డీలో అది 3.07. అంటే అదే వేగానికి టర్బో కారు ఇంజిన్ దాదాపు 17 శాతం తక్కువ తిరుగుతుంది. 240 డీలో టర్బో ఇంజిన్ పెట్టి క్రౌన్ మార్చకపోతే పికప్ బాగానే ఉంటుంది. హైవే మీద మాత్రం ఇంజిన్ అనవసరంగా ఎక్కువ తిరుగుతూ, ఎక్కువ శబ్దం చేస్తూ, ఎక్కువ డీజిల్ తాగుతుంది.

ఈ కుటుంబానికి భారతదేశంతో నేరుగా సంబంధం ఉంది. 240 డీలో వాడిన ఓఎం 616 ఇంజిన్‌నే పుణెకు చెందిన బజాజ్ టెంపో, అంటే నేటి ఫోర్స్ మోటార్స్, జర్మనీ సంస్థ లైసెన్సుతో ఇక్కడ తయారు చేసి తన వాహనాల్లో వాడింది. మన ఊళ్లలో తిరిగిన ట్రాక్స్ వాహనాల్లో వినిపించిన చప్పుడు ఆ వంశానిదే.

స్వదేశీ ఉదాహరణ టాటాది. 1991లో వచ్చిన సియెర్రా, 1994లో వచ్చిన సుమో 1,948 సీసీ డీజిల్ ఇంజిన్‌తో మొదలయ్యాయి. ఆ ఇంజిన్ శక్తి 65 అశ్వశక్తికి అటూ ఇటూ. అదే సామర్థ్యంతో టర్బో చేర్చిన ఇంజిన్ 1998 నాటి సఫారీలో వచ్చింది. దాని శక్తి 90కి దగ్గర. 1998లోనే వచ్చిన ఇండికా కూడా 1,405 సీసీలో సుమారు 53 అశ్వశక్తితో మొదలై, తర్వాత టర్బో, ఇంటర్‌కూలర్ చేరాక 70కి చేరువైంది. ఒకే కంపెనీ, ఒకే కుటుంబం, ఒకే సీసీ ఉన్న ఇలాంటి జంటల్లోనే ఇంజిన్ మార్పు సాంకేతికంగా తక్కువ తలనొప్పితో జరుగుతుంది. 37 అశ్వశక్తి డీజిల్ అంబాసిడర్‌లో మరో కంపెనీ టర్బో ఇంజిన్ పెట్టడం దీనికి పూర్తి భిన్నమైన పని.

ముందు ఉన్న ఇంజిన్‌కు పరీక్ష

‘పికప్ లేదు’ అన్న ఫిర్యాదుతో వచ్చే ప్రతి పాత కారుకూ కొత్త ఇంజిన్ అవసరం ఉండదు. ఇంజిన్ దించాలన్న నిర్ణయానికి ముందు ఈ కింది వాటిని వరుసగా చూడాలి.

మొదట యాక్సిలరేటర్ కేబుల్. పెడల్ చివరిదాకా తొక్కినా పంపు మీటా చివరిదాకా వెళ్లకపోవడం పాత కార్లలో మామూలే. ఒకరు పెడల్ తొక్కితే మరొకరు బానెట్ కింద చూసి చెప్పవచ్చు. దీనికి ఖర్చు లేదు.

రెండోది గాలి, ఇంధనం దారులు. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ట్యాంకు నుంచి వచ్చే పైపులలో పగుళ్లు, ఫీడ్ పంపు. ఇంధనంలోకి గాలి చేరితే ఇంజిన్ మెత్తబడుతుంది.

మూడోది ట్యాపెట్లు, పంపు టైమింగ్, నాజిళ్లు. ట్యాపెట్ల సందు తప్పితే కంప్రెషన్ పడిపోతుంది. నాజిల్ నుంచి డీజిల్ మంచులా చిమ్మాలి. ధారగా కారితే అది మండదు, నల్లపొగగా బయటికి పోతుంది. పంపు, నాజిళ్లను యంత్రంపై పెట్టి పరీక్షించే దుకాణాలు దాదాపు ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఉంటాయి.

నాలుగోది కంప్రెషన్ పరీక్ష. హీటర్ ప్లగ్ లేదా నాజిల్ తీసిన రంధ్రంలో గేజ్ బిగించి ఒక్కో సిలిండర్‌ను కొలుస్తారు. ఎంత రావాలన్నది ఆ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. మొత్తం అంకెతో పాటు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. మూడు సిలిండర్లు సమానంగా ఉండి ఒకటి మాత్రం బాగా తక్కువ ఉంటే ఒక వాల్వో రింగో చెడిందని అర్థం. అన్నీ సమానంగా తగ్గిపోయి, ఆయిల్ పోసే మూత తీసినప్పుడు పొగ దట్టంగా ఎగదన్నితే, మెకానిక్ భాషలో బ్యాక్ కంప్రెషన్ కొడితే, ఇంజిన్ బోరుకొచ్చినట్టు.

ఐదోది ఇంజిన్‌తో సంబంధం లేనివి. జారుతున్న క్లచ్, పట్టి ఉంచే బ్రేకులు, గాలి తగ్గిన టైర్లు కూడా కారును బరువెక్కిస్తాయి. చదునైన చోట న్యూట్రల్‌లో ఒకరు తోస్తే కారు సులువుగా కదలాలి.

పొగ రంగు కూడా సమాచారమే. నల్లపొగ గాలికి మించిన డీజిల్‌ను, నీలిపొగ మండుతున్న ఆయిల్‌ను సూచిస్తాయి. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ మండని డీజిల్‌నో, లోపలికి చేరుతున్న రేడియేటర్ నీటినో సూచిస్తుంది.

ఈ ఐదు దశలూ పూర్తయ్యాక కొన్ని కార్లకు ఇంజిన్ మార్పు అవసరమే లేదని తేలుతుంది. కొత్తలో ఆ కారుకు ఎంత శక్తి ఉండేదో అంత తిరిగి వస్తే చాలునా, అంతకు మించి కావాలా అన్నది అప్పుడు మాత్రమే సరిగ్గా ఆలోచించగలం.

ముందున్న దారులు

ఇంజిన్ నిజంగా అరిగిందని తేలితే యజమానికి నాలుగు దారులు ఉంటాయి.

ఒకటి, ఉన్న ఇంజిన్‌నే బోరింగ్ చేయించి కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయించడం. శక్తి పెరగదు, కానీ కారులో మరేదీ మార్చనక్కర్లేదు. ఇంజిన్ నంబరు అదే ఉంటుంది. విడిభాగాలు దొరికే ఇంజిన్లకు ఇదే అన్నిటికంటే నిశ్చింత.

రెండు, ఉన్న ఇంజిన్‌కే టర్బో తగిలించడం. అరిగిన ఇంజిన్‌కు ఇది సరిపడదు. కంప్రెషన్ పోయిన ఇంజిన్‌పై ఇంకా ఎక్కువ ఒత్తిడి పెట్టడమే అవుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌కైనా తక్కువ పీడనంతో, ఎగ్జాస్ట్ వేడిని చూపే గేజ్‌తో మాత్రమే చేయాలి. ఆ వేడి చాలాసేపు 700 డిగ్రీల సెల్సియస్ పైన నిలిస్తే పిస్టన్లకు ముప్పు పొంచి ఉన్నట్టే.

మూడు, అదే కుటుంబానికి చెందిన కంపెనీ టర్బో ఇంజిన్ వేయడం. ఫౌండేషన్లు, గేర్‌బాక్సు బిగింపు చాలావరకు కలుస్తాయి. సాంకేతికంగా ఇది అన్నిటికంటే నమ్మదగిన టర్బో మార్గం.

నాలుగు, వేరే కంపెనీ ఆధునిక కామన్ రైల్ ఇంజిన్ వేయడం. శక్తి, మైలేజీ రెండూ బాగుంటాయి. కానీ ఈ ఇంజిన్ కంప్యూటర్ లేకుండా నడవదు. వైరింగ్ మొత్తం, యాక్సిలరేటర్ పెడల్ సెన్సర్, తాళంచెవి గుర్తింపు వ్యవస్థ, అధిక పీడన పంపు అన్నీ దాత వాహనం నుంచి రావాలి. ఒక్క సెన్సర్ మొరాయించినా ఊరి మెకానిక్ చేతిలో ఏమీ ఉండదు. పాత డీజిల్ కారుకున్న గొప్ప సుగుణం దారిలో ఎక్కడైనా బాగుచేసుకోగలగడం. ఈ మార్గంలో ఆ సుగుణమే పోతుంది.

ఇంజిన్‌తో పాటు మారాల్సినవి

అంచనాలో ఇంజిన్ ధర, కూలీ మాత్రమే రాసుకుంటే ఖర్చు మధ్యలో చేయి దాటుతుంది. ఈ అంశాలకు కూడా చోటు ఉంచాలి.

క్లచ్, గేర్‌బాక్సు: టర్బో ఇంజిన్ తక్కువ వేగంలోనే ఎక్కువ టార్క్ ఇస్తుంది. పాత క్లచ్ ప్లేటు జారుతుంది. గేర్‌బాక్సు పళ్లు ఆ టార్క్ కోసం చేసినవి కాకపోవచ్చు.

చల్లదనం: ఎక్కువ శక్తి అంటే ఎక్కువ వేడి. పెద్ద రేడియేటర్, ఆయిల్ కూలర్, సరైన ఫ్యాను అవసరం. మే నెలలో విజయవాడలోనో నాగపూర్‌లోనో ట్రాఫిక్‌లో నిలిచినప్పుడు కూలింగ్ లోపం బయటపడుతుంది.

ఆయిల్: టర్బో ఇరుసు నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరగగలదు. అది తేలేది ఆయిల్ పొర మీదే. శుభ్రమైన, సరైన గ్రేడు ఆయిల్ కావాలి. గట్టిగా నడిపిన వెంటనే ఇంజిన్ ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి.

వాక్యూమ్ పంపు: డీజిల్ ఇంజిన్‌లో పెట్రోలు ఇంజిన్‌లా సహజమైన వాక్యూమ్ పుట్టదు. బ్రేక్ బూస్టర్‌కు కావాల్సిన వాక్యూమ్‌ను ప్రత్యేక పంపు ఇస్తుంది. చాలా ఇంజిన్లలో ఇది డైనమో వెనుక ఉంటుంది. ఇంజిన్ మార్పులో ఈ పంపు సరిపోకపోయినా, దాని పైపు సరిగ్గా కలపకపోయినా బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది.

బ్రేకులు, స్ప్రింగులు: వాహనాన్ని ఆపడానికి బ్రేకులు వేడిగా మార్చాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల బదులు 100లో వెళ్లే కారును ఆపాలంటే బ్రేకులపై 56 శాతం ఎక్కువ భారం పడుతుంది. ముందు డ్రమ్ బ్రేకులున్న కారును ముందు డిస్కులకు మార్చకుండా వేగం పెంచడం ప్రమాదం. కొత్త ఇంజిన్ బరువైనదైతే ముందు స్ప్రింగులు కుంగి స్టీరింగ్ తీరు మారుతుంది.

చట్టం ఏమంటోంది?

చాలామంది చివర్లో చూసే ఈ అంశాన్ని నిజానికి మొదట్లోనే చూడాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి వేరే ఇంధనానికి మార్చే కిట్‌లకు నిర్దిష్ట షరతులతో మినహాయింపు ఉంది. డీజిల్ ఇంజిన్ తీసి మరింత శక్తిమంతమైన డీజిల్ ఇంజిన్ పెట్టడం ఆ మినహాయింపులోకి రాదు.

2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వివరిస్తూ, తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదని స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

రిజిస్ట్రేషన్ రికార్డులో ఇంజిన్ నంబరు, సిలిండర్ల సంఖ్య, సీసీ లేదా అశ్వశక్తి నమోదై ఉంటాయి. పాడైన ఇంజిన్ స్థానంలో అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ వేసి, రవాణా శాఖ కార్యాలయం అనుమతితో కొత్త నంబరు నమోదు చేయించుకోవడం ఒక సంగతి. సీసీ, శక్తి, రకం మారిన ఇంజిన్ పెట్టడం పూర్తిగా వేరే సంగతి. మొదటిదానికి దారి ఉంది. రెండోదానికి తిరస్కరణ ఎదురయ్యే అవకాశమే ఎక్కువ. అందుకే ఇంజిన్ కొనకముందే ఏ ఇంజిన్ పెట్టదలచారో వివరిస్తూ రవాణా కార్యాలయానికి దరఖాస్తు చేసి, జవాబు లిఖితపూర్వకంగా తీసుకోవాలి. ‘ఎవరూ చూడరు’ అన్న మెకానిక్ హామీకి చట్టంలో విలువ లేదు. సొంత కారుకు 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్లినప్పుడు తెలుగు రాష్ట్రాల్లో జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే అధికారి ఛాసిస్, ఇంజిన్ నంబర్లు సరిచూస్తారు. తేడా అక్కడ బయటపడుతుంది.

పునరుద్ధరణ ఖర్చు కూడా పెరిగింది. కారుకు ఈ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 రూపాయలకు పెంచారు. రాష్ట్రాలు వేసే గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం.

కాలుష్య పరీక్షలో కూడా తేడా ఉంది. బీఎస్-4కు ముందు తరం డీజిల్ వాహనాలకు పొగ సాంద్రత పరిమితి మీటరుకు 2.45. బీఎస్-4 వాహనాలకు 1.62. డీజిల్ పంపును ఇష్టానుసారం పెంచిన టర్బో కారు నల్లపొగతో ఈ పరీక్షలో తప్పడం సాధారణం.

దిల్లీ పరిసరాల్లోని వారికి మరో చిక్కు ఉంది. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు అక్కడ తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది. సుప్రీంకోర్టు 2018లో దాన్ని అమలు చేయాలంది, 2025లో ఆ అంశాన్ని మళ్లీ పరిశీలించింది. అక్కడ వాహనం వయసును లెక్కించేది తొలి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి. కొత్త ఇంజిన్ వేసినంత మాత్రాన కారు వయసు తగ్గదు.

కారు మరీ పాతదైతే ఇంకో కోణం చూడాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పులు చేసి ఉండకూడదు. ఇవాళ దించి పాత ఇనుముకు వేసిన అసలు ఇంజిన్, రేపు ఆ గుర్తింపుకు అడ్డు కావచ్చు.

బీమా మాటేమిటి?

బీమా కంపెనీ ప్రీమియం లెక్కించేది పాలసీలో ఉన్న వాహనం వివరాల ఆధారంగా. ఇంజిన్ మారిన సంగతి చెప్పకపోతే ప్రమాదం జరిగినప్పుడు సొంత నష్టపు క్లెయిమ్‌ను తిరస్కరించడానికి కంపెనీకి కారణం దొరుకుతుంది. అవతలి వ్యక్తికి గాయమో మరణమో సంభవిస్తే వివాదం కోర్టు దాకా వెళ్తుంది, భారం చివరకు యజమాని మీద పడే ప్రమాదం ఉంటుంది. రవాణా కార్యాలయం కొత్త వివరాలు నమోదు చేశాక పాలసీలో ఎండార్స్‌మెంట్ చేయించుకోవడం తప్పనిసరి.

పాత ఇంజిన్ కొనేటప్పుడు

దిల్లీలోని మాయాపురి, చెన్నైలోని పుదుపేట, విజయవాడలోని ఆటోనగర్ వంటి చోట్ల వాడిన ఇంజిన్లు, విడిభాగాలు దొరుకుతాయి. అక్కడ కొనేవారు ధర కంటే ముందు పత్రాలు అడగాలి. ఏ వాహనం నుంచి తీశారు, దాని రిజిస్ట్రేషన్ రద్దయిందా, అమ్మిన రసీదులో ఇంజిన్ నంబరు ఉందా? నంబరు గీకేసి ఉన్నా, మళ్లీ కొట్టినట్టు కనిపించినా ఎంత చవకైనా వదిలేయాలి. దొంగిలించిన వాహనపు ఇంజిన్ అని తేలితే దాన్ని కొన్నవారు కూడా పోలీసు విచారణను ఎదుర్కోవాల్సి వస్తుంది.

సాంకేతికంగా చూడాల్సినవి మూడు: వీలైతే చల్లటి ఇంజిన్‌ను అక్కడే స్టార్ట్ చేయించాలి, కంప్రెషన్ కొలిపించాలి, టర్బో ఇరుసును చేత్తో కదిపి చూడాలి. చక్రం గోడకు తగిలేంత ఊగినా, గాలి గొట్టంలో ఆయిల్ నిండుగా ఉన్నా ఆ టర్బో ఆయుష్షు అయిపోవచ్చినట్టే. ఇంజిన్‌తో పాటు పంపు, డైనమో, వాక్యూమ్ పంపు, ఫౌండేషన్లు, పైపులు కలిపి తీసుకుంటేనే మేలు. విడివిడిగా వెతికితే ఖర్చు, సమయం రెండూ పెరుగుతాయి.

డీజిల్ ఆదా అవుతుందా?

టర్బో వేస్తే మైలేజీ పెరిగి ఖర్చు తిరిగి వస్తుందన్న వాదన తరచూ వినిపిస్తుంది. ఒక ఊహాత్మక ఉదాహరణతో లెక్క వేద్దాం. కారు ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. ఇప్పుడు లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తోంది, మార్పు తర్వాత 13.5 ఇస్తుందనుకుందాం. ఏడాదికి 667 లీటర్ల బదులు 593 లీటర్లు సరిపోతాయి. ఆదా 74 లీటర్లు. లీటరు 95 రూపాయలైతే సుమారు 7,000 రూపాయలు. మార్పునకు రెండు లక్షలు ఖర్చయితే అది తిరిగి రావడానికి 28 ఏళ్లు పడుతుంది. పైగా శక్తి అందుబాటులో ఉన్నప్పుడు కాలు ఎక్కువ తొక్కుతుంది కనుక ఆ 13.5 కూడా కాగితం మీదే మిగలవచ్చు. ఎవరి అంకెలు వారు పెట్టుకుని ఇదే లెక్క వేసుకోవచ్చు. సొంత అవసరాలకు తిరిగే కారు విషయంలో ఇంధన ఆదా ఒక్కటే ఈ మార్పును సమర్థించే సందర్భాలు అరుదు.

ఎవరికి తగును, ఎవరికి తగదు?

కారు ఛాసిస్, బాడీ తుప్పు లేకుండా గట్టిగా ఉండి, అసలు ఇంజిన్ బోరింగ్‌కు కూడా పనికిరాకుండా పోయి, అదే కుటుంబపు కంపెనీ టర్బో ఇంజిన్ పత్రాలతో సహా దొరికి, రవాణా కార్యాలయం లిఖితపూర్వకంగా ఒప్పుకుంటే ఈ మార్పు ఆలోచించదగినదే. కొండ ప్రాంతాల్లో నివసించేవారికి ప్రయోజనం కూడా ఎక్కువ. ఈ నాలుగు షరతుల్లో అనుమతి లేకపోతే మిగిలిన మూడూ ఉన్నా లాభం లేదు.

బాడీ అడుగున తుప్పు పట్టిన కారుకు, అనుమతి రాని కారుకు, వింటేజ్ గుర్తింపునకు దగ్గరలో ఉన్న కారుకు, దారిలో ఆగితే ఆ రోజు కూలి పోయే యజమానికి ఈ మార్పు తగదు. జీవనాధారమైన వాహనం నెలల తరబడి షెడ్డులో ఉంటే జరిగే నష్టం ఏ అంచనాలోనూ కనిపించదు. అలాంటివారికి ఉన్న ఇంజిన్‌ను చక్కగా బోరింగ్ చేయించడమో, కంపెనీయే టర్బోతో అమ్మిన తర్వాతి నమూనాను కొనుక్కోవడమో మేలు. టర్బో సుమో కావాలంటే టర్బోతోనే నమోదైన వాహనాన్ని కొనడం చాలా సందర్భాల్లో చవక, చట్టబద్ధం కూడా.

మార్పు చేయాలనే నిర్ణయించుకున్నవారు ఈ వరుస పాటించాలి: ముందు ఉన్న ఇంజిన్ పరీక్ష, తర్వాత రవాణా కార్యాలయం జవాబు, ఆ తర్వాత బ్రేకులు, కూలింగ్, క్లచ్ కలిపిన పూర్తి అంచనా, దానికి పైన కొంత అదనపు సొమ్ము, అప్పుడే ఇంజిన్ కొనుగోలు. ఇంజిన్ బిగించాక తొలి వారం ఊరు దాటకుండా నడిపి, ఆయిల్ లీకులు, రేడియేటర్ వేడి, బ్రేకు పెడల్ తీరు రోజూ గమనించాలి. దించిన పాత ఇంజిన్‌ను, దాని నంబరు పలక చెక్కుచెదరకుండా, కనీసం కొత్త ఇంజిన్ రిజిస్ట్రేషన్ పత్రంలోకి ఎక్కేదాకా అమ్మకుండా ఉంచుకోవాలి. అనుమతి చివరి దశలో ఆగిపోతే కారును మళ్లీ రోడ్డెక్కించగలిగేది అదొక్కటే.